తూకం గుండుకు నిలిచిన క్యారెట్

కొందరికి ఖాళీ గోడ కనిపిస్తే మేకు కొట్టబుద్ధేస్తుంది. మేస్త్రికి ఖాళీ మట్టి కనిపిస్తే గచ్చు చెయ్యబుద్ధేస్తుంది. ముప్ఫయ్యేళ్లుగా ఊళ్లోవాళ్ల ఇళ్లు కడుతూ, పని దగ్గర మిగిలిన సిమెంటంతా సైకిలు మీద ఇంటికి తెచ్చుకుని, గేటు ముందు గచ్చు చేశాడు, కుళాయి చుట్టూ గచ్చు చేశాడు, ఆఖరికి పెరడంతా పలకలు పలకలుగా పోసేశాడు. ఎండాకాలం పెరట్లో కాలు పెడితే పెనం మీద పెట్టినట్టే. ఆయన భార్య, అంటే ఆ ఇంటి పెద్దకోడలు, బట్టలారేయడానికి ఎగురుకుంటూ వెళ్లి ఎగురుకుంటూ వచ్చేది. ఆయనకి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. "బురద లేదు, దుమ్ము లేదు, ఇంకేం కావాలే నీకు?" అనేవాడు.

ఇంత చేసినా పెరటి చివర, ప్రహరీ గోడ వారన, ఆరడుగుల పొడవూ మూడడుగుల వెడల్పూ ఉన్న ఒక ముక్క మిగిలిపోయింది. మట్టి మీద జాలిపడి వదిలాడనుకునేరు! ఆ ఏడు సిమెంటు చాల్లేదు, అంతే. ఆ ముక్క మీద చిన్నకోడలి కన్ను పడింది.

చిన్నకోడలంటే మేస్త్రి తమ్ముడి భార్య. బట్టలు కుడుతుంది. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది గనక వీధివీధంతా ఆవిడని టేపక్క అనే పిలుస్తుంది. ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో కుట్టుమిషను ముందుగదిలో, కిటికీ పక్కన ఉండేది. బావగారు టీవీ కొన్నాడు, మిషను పెరటివైపు వరండాలోకి వచ్చింది. బావగారు వరండాలో పడక్కుర్చీ వేసుకున్నాడు, మిషను మెట్ల కిందికి వెళ్లింది. మెట్ల కింద పట్టపగలే లైటు వేసుకోవాలి. కూర్చున్న మనిషి లేచేటప్పుడు తల వంచకపోతే నడినెత్తిన మెట్టు ఠంగుమంటుంది. అక్కడ కూర్చుని కూర్చుని, ఆరుబయట లేచినా తల వంచుకునే లేవడం ఆవిడకి అలవాటైపోయింది.

'ఇరవై రెండేళ్లయింది, ఈ ఇంట్లో నాదంటూ ఒక్క చోటు లేదు' అని ఆవిడ ఎవరితోనూ అనలేదు. అనుకుంది, అంతే. అనుకుని, బజారుకెళ్లి క్యారెట్ విత్తనాల పొట్లం కొనుక్కొచ్చింది. క్యారెట్టే ఎందుకంటే, కుడుతూ కుడుతూ పచ్చి క్యారెట్ కొరుక్కుతినడం ఆవిడకున్న ఒకే ఒక్క వ్యసనం.

మొదటి పంట తీసిన రోజు ఇంటిల్లిపాదీ పెరట్లో చేరారు. టేపక్క ఒక మొక్క పట్టుకుని లాగింది. వచ్చింది క్యారెట్టే. కానీ నడుము దాకా ఒకటి, నడుము నుంచి రెండు. రెండోదీ అంతే. మూడోదానికైతే ఒక కాలు పొట్టి కూడాను. అలా తీసినవన్నీ కాళ్లు చాపుకునే వచ్చాయి.

మేస్త్రి ఒకదాన్ని వేళ్లతో పట్టుకుని ఆడించి, కడుపు పట్టుకుని నవ్వాడు. "అమ్మాయ్! నీ వృత్తి నిన్ను వదల్లేదు. క్యారెట్లు వేస్తే పంట్లాములు కాశాయి!"

అందరూ పగలబడి నవ్వారు. టేపక్క మొగుడు కూడా నవ్వాడు. ఆయన బస్సు డ్రైవరు, ఇంట్లో మాత్రం గోడమీద పిల్లి. పెళ్లాం మొహం చూసి టక్కున బ్రేకు వేశాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

"కింద ఏదో అడ్డొచ్చింది బావగారూ. అందుకే చీలాయి" అంది టేపక్క.

"ఆడలేక మద్దెల ఓడందిట వెనకటికి ఎవరో! మట్టికి వంకలెందుకు గానీ, ఆదివారం రెండు బస్తాలు తెప్పించి ఆ ముక్క కూడా మూసేస్తాను. నా బండి పెట్టుకోవడానికి చోటు లేక చస్తున్నాను."

"ఆగండి" అంది టేపక్క.

ఆ ఇంట్లో మేస్త్రిని ఆగమన్నవాళ్లు అప్పటిదాకా లేరు. ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది. "ఇంకొక్కసారి వేస్తాను. మూడు నెలలు టైమివ్వండి."

మేస్త్రి మీసం దువ్వుకున్నాడు. నలుగురిలో పందెం అంటే ఆయనకి ప్రాణం లేచొస్తుంది. "సరే. సిమెంటు బస్తాలో మూడు నెలలుంటుంది, ఆ పైన గడ్డ కడుతుంది. ఆ మూడు నెల్లూ నీకిచ్చాను. తర్వాత ఒక్క పూట కూడా ఆగను. ఒక్క క్యారెట్, ఒకే ఒక్కటి! జానెడు పొడుగుండాలి. నా తూకం గుండు పక్కన పెడితే గోడలాగా నిటారుగా నిలవాలి. చూపించు చూద్దాం."

తూకం గుండంటే దారానికి వేలాడే ఇనుప గుండు. గోడ తిన్నగా లేచిందో లేదో అది చెబుతుంది. మేస్త్రి దేన్నయినా కాదంటాడు గానీ ఆ గుండు మాట జవదాటడు.

"చూపిస్తే?" అంది టేపక్క.

"ఆ ముక్క నీదే."

"ఆ ముక్క ఇప్పుడు మాత్రం ఎవరిది బావగారూ, కలుపు మొక్కలది. నేను చూపిస్తే ఈ గచ్చులో టేపు పెట్టి ఎంత కొలిస్తే అంత మీ చేత్తో పగలగొట్టి ఇవ్వాలి."

మేస్త్రికి మళ్లీ నవ్వు తన్నుకొచ్చింది. "ఓస్, అంతేనా! పెరడంతా కొలుచుకో. ఇది మేస్త్రి మాట. గోడ కూలినా మాట కూలదు."

"మీరు సాక్ష్యం" అని టేపక్క మొగుడివైపు చూసింది.

"నన్ను మధ్యలోకి లాగకండి, డ్యూటీకి టైమైంది" అన్నాడాయన. ఆ రోజు ఆయనకి సెలవు.

ఆదివారం సిమెంటు బస్తాలు రెండూ వచ్చాయి. ఎక్కడ పెట్టారనుకున్నారు? మెట్ల కింద, కుట్టుమిషను పక్కన. తడి తగలకూడదుట. ఆ రోజు నుంచి టేపక్క పక్కకి తిరిగి కూర్చుని మిషను తొక్కాల్సి వచ్చింది. మోకాలు కదిలిస్తే బస్తా తగిలేది. తగిలినప్పుడల్లా ఎన్ని రోజులున్నాయో లెక్క వేసుకునేది.

మర్నాడు పొద్దున్నే పలుగూ పారా పుచ్చుకుని ఆ ముక్క తవ్వడం మొదలెట్టింది. నాలుగంగుళాలు తవ్వేసరికి పార ఖణేలుమంది. ఇటుక ముక్క. దాని కింద ఇంకోటి. ఆ కింద సున్నం పెళ్లలు, కంకర, గట్టిపడిన సిమెంటు ముద్దలు. ఆవిడకి తల తిరిగిపోయింది. ప్రహరీ గోడ కట్టినప్పుడు మిగిలిన చెత్తంతా మేస్త్రి అక్కడే పూడ్చి, పైన ఇంత మట్టి కప్పి, దిమ్మిసతో గట్టిగా అణగ్గొట్టేశాడన్నమాట! క్యారెట్లు పాపం కిందికి దిగుదామని చూశాయి, రాయి తగిలి అటో కాలు ఇటో కాలు వేశాయి.

ఆవిడ పోట్లాడలేదు. నేరుగా వరండాలోకి వెళ్లి, "బావగారూ, మీ ఇసక జల్లెడ నాలుగు రోజులు ఇస్తారా?" అంది.

"ఎందుకు?"

"మట్టి జల్లించాలి."

"మట్టిని జల్లిస్తారుటే ఎక్కడైనా? పొడరు చేసి మొహానికి రాసుకుంటావా ఏం? తీసుకో, తీసుకో. జల్లెడదేముంది, కావాలంటే దిమ్మిస కూడా తీసుకెళ్లు" అన్నాడు మేస్త్రి ధారాళంగా. ఓడిపోయేవాళ్లకి సాయం చెయ్యడంలో ఆయనది ఎప్పుడూ పెద్ద చెయ్యే.

నాలుగు రోజులు. అడుగున్నర లోతు మట్టినంతా తట్టలకెత్తి, ఏటవాలుగా నిలబెట్టిన ఆ జల్లెడ మీద పారతో విసిరింది. మెత్తనిది అటు పడేది, రాళ్లు ఇటు పడేవి. కుట్టుపని రాత్రి వంటయ్యాక చేసుకునేది. అరచేతులు బొబ్బలెక్కితే పాత గుడ్డ చుట్టుకుంది. మూడో రోజున జల్లెడ మీద పడ్డ రాళ్లలో ఒక తాపీ దొరికింది. తుప్పు పట్టింది గానీ, పిడి మీద మేస్త్రి చెక్కుకున్న గుర్తు అలాగే ఉంది. తమ్ముడే అమ్ముకుని సినిమాకి పోయాడని తొమ్మిదేళ్లుగా ఆయన సాధిస్తున్న తాపీ అది! టేపక్క దాన్ని కడిగి, ఏమీ అనకుండా తీసుకెళ్లి పడక్కుర్చీ చెయ్యి మీద పెట్టింది. మేస్త్రి దాన్నీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. ఆ పూట ఆయన టీ అడగడం కూడా మర్చిపోయాడు.

ఇక విత్తనాలు. క్యారెట్ విత్తనం ఎంతుంటుంది? వేలి కొసన నలుసంత. గుప్పెడు తీసి చల్లితే ఒకచోట గుంపుగా పడతాయి, ఇంకోచోట ఒక్కటీ పడదు. గుంపుగా మొలిస్తే సగం పీకి పారెయ్యాలి. పీకడం అంటే టేపక్కకి ప్రాణం ఒప్పదు. రెండంగుళాల పీలిక గుడ్డ కూడా ఎప్పుడో పనికొస్తుందని దాచే మనిషి మరి. ఆలోచించి ఆలోచించి, తనకి తెలిసిన పనే చేసింది. లైనింగు గుడ్డని వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించి, టేపు పక్కన పెట్టుకుని, రెండంగుళాలకొక విత్తనం చొప్పున పేర్చి, పట్టీని మధ్యకి మడిచి కుట్టేసింది. వరసకి ముప్ఫయి. పాదులో వేలి మందాన గీతలు గీసి ఆ పట్టీలు పరిచింది, పైన పల్చగా మట్టి కప్పింది, తడి ఆరకుండా గోనెగుడ్డ వేసింది. తన తెలివికి తనే మురిసిపోయి ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

పది రోజులైంది. మొలక లేదు. పన్నెండు రోజులైంది. గడ్డిపరక కూడా లేదు.

"ఏమ్మాయ్, నిద్ర లేచాయా మీ పిల్లలు?" అని మేస్త్రి రోజూ పలకరింపు.

పన్నెండో రోజు ఉండబట్టలేక ఒక పట్టీ పైకి తీసి, కుట్టు విప్పి చూసింది. విత్తనాలన్నీ మొలిచాయి! తెల్లగా, దారప్పోగుల్లాగా మొలిచి, బయటికి దారి లేక మడత లోపలే చుట్టలు చుట్టుకుని చచ్చిపోయాయి. ఎందుకు పైకి రాలేదో అప్పుడర్థమైంది. లైనింగు గుడ్డ నీళ్లలో నెల నానినా చివకదు. పైగా అంచు వదులుగా వదలడం ఆవిడకి చేతకాదు గనక, అలవాటు కొద్దీ రెండు వరసల గట్టి కుట్టు వేసింది, చివర్లలో ముళ్లు కూడా వేసింది. తన చేత్తో తనే వాటిని సంచిలో పెట్టి మూతి కట్టేసింది.

ఆవిడ పాదు పక్కనే కూలబడి ఏడ్చింది. ఊరికే కళ్లు చెమర్చడం కాదు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పెద్దకోడలు బట్టలారేస్తూ చూసింది. చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"కుట్టు తప్పుపడితే ఏం చేస్తావే?"

"విప్పి మళ్లీ కుడతాను అక్కా."

"మరి కూర్చున్నావేం?"

అంతే. లేచి వెళ్లి మిగతా బట్టలారేసుకుంది.

ఈసారి టేపక్క గుడ్డ జోలికి పోలేదు. నీళ్లు తగిలితే నీరసపడిపోయే పల్చని కాగితం పట్టీలు కత్తిరించింది. పిండి కాచిన జిగురు చుక్కలు చుక్కలుగా పెట్టి, తడి సూదిమొనతో ఒక్కో విత్తనాన్నీ ఎత్తి చుక్క మీద కూర్చోబెట్టింది. మడవలేదు. కుట్టలేదు. వదులుగా వదిలేయడానికి ఆవిడ చేతులు ఎంత గింజుకున్నాయో చూసినవాళ్లకే తెలుసు. పట్టీలు పరిచి, మట్టి చల్లి, గోనె కప్పి లేచేసరికి గడువులో మిగిలింది డెబ్బై మూడు రోజులు. విత్తనాల పొట్లం మీదేమో పంటకి డెబ్బై అయిదు అని అచ్చువేసి ఉంది.

తొమ్మిదో రోజు గోనె ఎత్తిచూస్తే, ఆకుపచ్చ దారంతో కాజా కుట్టినట్టు వరసగా మొలకలు. కొలిచి చూసింది. రెండంగుళాలకొకటి. ఒక్కటి కూడా పీకక్కర్లేదు. "బతికిపోయాను రా దేవుడా!" అని పైకే అనేసింది.

ఆ తర్వాత ఆవిడకి మొక్కలే లోకం. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్లు. భుజాలు మట్టిలోంచి తేలిన వాటికి మళ్లీ మట్టి ఎగదోయడం. ఆకులు మోకాలెత్తు లేచి గాలికి ఊగుతుంటే, పక్కింటివాళ్లు గోడ మీంచి చూసి ముక్కున వేలేసుకున్నారు. మేస్త్రి మాత్రం, "ఆకుల్దేముంది, అసలు సంగతి కింద కదా! మళ్లీ పంట్లాములే చూడండి. ఈసారి చొక్కాలు కూడా కాస్తాయేమో" అని ఊరంతా చెప్పుకొచ్చాడు. టేపక్కకి నవ్వు రాలేదు. అడుగున ఏముందో ఆవిడకీ తెలియదు. అదే గుబులు.

గడువు రోజు రానే వచ్చింది. పొద్దున్నే మేస్త్రి ఇసక కుప్ప పోసుకుని, తట్టా పారా సిద్ధం చేసుకుని, సిమెంటు బస్తాలు మెట్ల కింది నుంచి బయటికి లాగించాడు. దండెం కట్టిన గుంజకి మేకు కొట్టి తూకం గుండు వేలాడదీశాడు. పక్కింటివాళ్లు గోడ మీద మోచేతులాన్చుకుని నిలబడ్డారు. డ్రైవరు ఆ రోజు సెలవు పెట్టి మరీ వచ్చి నిలబడ్డాడు.

టేపక్క వంగి, ఒక మొక్క కుదురు పట్టుకుని లాగింది. టప్పుమంది. ఆకులు చేతిలోకొచ్చాయి, క్యారెట్ భూమిలోనే ఉండిపోయింది.

"పాపం, జుట్టు వచ్చింది, మనిషి రాలేదు!" అన్నాడు మేస్త్రి.

ఇంతలో పెద్దకోడలు బకెట్టుతో నీళ్లు తెచ్చి పాదు మీద కుమ్మరించింది. "కాసేపు నాననీ. తొందరపడి లాగితే దారం మాత్రం తెగదూ?" అంది తోడికోడలితో. మొగుడు ఉరిమి చూస్తే, "ఏం, నీళ్లు పొయ్యకూడదని పందెంలో ఉందా?" అని ఎదురడిగింది.

నీళ్లింకాక రెండోదాన్ని నెమ్మదిగా, అటూ ఇటూ కదుపుతూ తీసింది. వచ్చింది. కాళ్లు లేవు, చేతులు లేవు. చీలిక లేని క్యారెట్. మేస్త్రి దాన్ని కడిగి, గుండు దారం పక్కన పట్టి, ఒక కన్ను మూసి చూశాడు. పక్కకి తిప్పి మళ్లీ చూశాడు. ఇంకో మేస్త్రి కట్టిన గోడని తప్పుపట్టడానికి చూసినట్టే చూశాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, గుండు దగ్గర ఆయన అబద్ధమాడడు.

"నిటారుగానే ఉంది" అన్నాడు, గొంతు కాస్త తగ్గించి. ఆ వెంటనే వేళ్లు బారచాపి పక్కన పెట్టాడు. "కానీ జానెడు లేదు. అరంగుళం తక్కువ."

"ఆ పార లాంటి చెయ్యితో కొలిస్తే ఏదైనా తక్కువే! క్యారెట్ వేసింది ఆవిడ, ఆవిడ జానే లెక్క" అంది పెద్దకోడలు.

"పందెం వేసింది నేను. నా జానే!"

గోడ అవతలివాళ్లు రెండు పార్టీలై వాదించుకోవడం మొదలెట్టారు. డ్రైవరు గొంతు సవరించుకుని, ఇరవై రెండేళ్లలో మొదటిసారి, "అన్నయ్యా, ఇది అన్యాయం" అన్నాడు. అనేసి, ఆ మాటన్నదెవరా అన్నట్టు తనే చుట్టూ చూసుకున్నాడు.

"వద్దు" అంది టేపక్క. "బావగారి జానే కానివ్వండి."

పాదు మధ్య వరసలోకి వెళ్లింది. బట్ట నాణ్యం చూసినట్టు వేళ్లతో మట్టిలో తడుముతూ ఒక్కో క్యారెట్ భుజం పట్టి చూసుకుంటూ పోయింది. ఒకచోట ఆగింది. చుట్టూ మట్టి వదులు చేసింది. లాగింది. వస్తోంది. ఇంకా వస్తోంది. అయిపోయిందనుకుంటే ఇంకా ఉంది. ఆఖరికి పల్చని తోకతో సహా చేతిలోకి జారివచ్చింది.

మేస్త్రి గుండు దారం పక్కన పట్టాడు. దారం ఎలా ఉందో అదీ అలాగే ఉంది. చెయ్యి చాపాడు. బొటనవేలు మొదట్లో ఆనించి చిటికెనవేలు లాగాడు. నరాలు పైకి తేలేలా లాగాడు. అయినా ఆయన వేలు దాటి కణుపెడు క్యారెట్ ఇంకా మిగిలే ఉంది!

గోడ అవతల ఈలలు, చప్పట్లు. "నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా!" అని పెద్దకోడలు తోడికోడలిని గట్టిగా వాటేసుకుంది. టేపక్క ఆ క్యారెట్‌ని బావగారి చేతిలోంచి తీసుకుని, కొంగుకి తుడుచుకుని, అక్కడే కసుక్కున కొరికింది. ఆ కరకర వీధి దాకా వినిపించింది. అంత తియ్యటి క్యారెట్ ఆవిడ జన్మలో తినలేదు.

"అదంతా నా జల్లెడ మహిమ" అన్నాడు మేస్త్రి.

"కాదన్నానా బావగారూ? జల్లెడా మీదే, రాళ్లూ మీవే."

చెప్పుకోవాలి మరి, మేస్త్రికే నవ్వొచ్చింది. తల గోక్కుంటూ సమ్మెట తెచ్చుకున్నాడు. "సరేలే. మాటంటే మాటే. కొలుచుకో."

టేపక్క మెడలోంచి టేపు తీసింది. పాదు అంచు నుంచి పరిచింది. టేపు అయిపోయింది. సుద్దముక్కతో గీత పెట్టి మళ్లీ పరిచింది. ఒక పలక, రెండు పలకలు, నాలుగు పలకలు. మేస్త్రి చూస్తూనే ఉన్నాడు. టేపు వరండా అంచుకి వచ్చి, పడక్కుర్చీ కాలికి తగిలింది.

"అమ్మాయ్, అమ్మాయ్, ఆగు! ఇక్కడి దాకా తవ్వేస్తే ఎండా దుమ్మూ నా మొహానేగా. నా కుర్చీ ఎక్కడ వేసుకోను?"

"మెట్ల కింద ఖాళీ ఉంది బావగారూ. బస్తాలు కూడా తీసేశారుగా. లేచేటప్పుడు మాత్రం తల వంచుకోండి."

"మరి నీ మిషను?"

"వరండాలోకొస్తుంది. కుడుతూ మట్టి చూసుకుంటాను."

పెద్దకోడలు చెప్పులు విప్పి పక్కన పెట్టి, "నాక్కూడా ఓ రెండడుగులు వదలవే. ఏదైనా వేసుకుంటాను" అంది.

మేస్త్రి సమ్మెట ఎత్తాడు. మొదటి దెబ్బకి పలక నెర్రె విచ్చింది. రెండో దెబ్బకి పెళ్ల లేచింది. ఆ కింద ఎన్నేళ్లుగానో ఎండ చూడని నల్లటి మట్టి కనిపించింది. గీత పెట్టడానికి కూర్చున్న టేపక్క తల వంచకుండా, తిన్నగా లేచి నిలబడింది. నెత్తికి ఏదీ తగల్లేదు.

చెమట తుడుచుకుంటూ మేస్త్రి అడిగాడు, "చాలా, ఇంకా ఉందా?"

టేపక్క టేపు కొస ఆయన చేతికిచ్చింది.

"ఆ చివర పట్టుకోండి బావగారూ. ఇంకా ఉంది."